హేమంతమున గృహసుఖము

సుఖమును కోరని ప్రాణి లేదు. అయినను సుఖమను మాట వినగానే భక్తుని మనస్సున ఒక సంకోచము కలుగును. ఇంటి సుఖమునకు మరగినవాడు శివుని మరచునేమో యని భయము. ఆ భయముచేతనే కొందరు సంసారమును విడిచి అడవులకేగిరి. బసవేశ్వరుడు ఆ మార్గమును చూపలేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బిజ్జలుని కొలువులో భండారియై, గంగాంబికా నీలాంబికలతో గృహస్థుడై, ఇల్లే సాధనకు తగిన తావని ఆచరించి చూపెను. కావున ప్రశ్న ఇల్లు విడువవలెనా యని కాదు. ఇంట దొరకు చిన్న చిన్న సుఖములను భక్తుడు ఎట్లు అనుభవింపవలెను అన్నదే ప్రశ్న. అనంతపురపు మెట్టసీమలో చలికాలము ఈ ప్రశ్నను ఏటేట అడుగుచుండును.

ఈ సీమకు వచ్చు నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనముల వానయు చాలినంత చేరదు. ఏడాదికి కురియునది సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు అదనునకు పడునన్న నమ్మకము లేదు. 2022లో జిల్లా రెండై శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది గాని, కరవు ఆ సరిహద్దును ఎరుగదు. ఇచ్చట ఎండకాలము మనుష్యుని వాడ్చును. వానకాలము అతని చూపులను మబ్బులకు కట్టివేయును. చలికాలము మాత్రమే అతనిని తన యింటివైపు చూడనిచ్చును. జూన్, జూలై నెలలలో విత్తిన వేరుసెనగను కార్తికము నాటికి పెరికి వాములు వేయుదురు. పండినను ఎండినను ఆ యేటి లెక్క అప్పటికి తేలిపోవును.

మార్గశిర పుష్యములలో తెల్లవారుజామున నీళ్లపొయ్యి రాజుకొనును. పిల్లలు కంబళి వీడక దాని చెంత చేరుదురు. స్నానమై, విభూతి ధరించి, కరస్థలమున ఇష్టలింగమును నిలిపినప్పుడు చలికి వణకు అరచేయి మెల్లమెల్లగా నిలకడ చెందును. అంతలో వంటింట జొన్నరొట్టె తట్టు చప్పుడు వినబడును. పెనము మీది నుండి దిగిన రొట్టె, రోట నూరిన చెనిక్కాయల ఊరుబిండి, ఇంతకుమించి ఆ వేళకు ఏమియు అక్కరలేదు. మధ్యాహ్నము ముసలివారు వాకిటి తిన్నెమీద ఎండకు వీపు నొగ్గి కూర్చుందురు. వేసవిలో శత్రువైన ఆ ఎండయే అప్పుడు బంధువు. సాయంకాలము నానిన అనపగింజలను పళ్లెమున పోసికొని ఇంటిల్లిపాదియు పితుకుదురు. వ్రేళ్లనడుమ నొక్కగానే పప్పు ఎగిరిపడును, పిల్లలు నవ్వుదురు. మంచు పడినకొలది అనపకాయకు వాసన హెచ్చునని పెద్దలందురు. గ్యాసుపొయ్యిలు, టెలివిజనులు వచ్చిన ఇండ్లలోను పితికిన పప్పు కూర ఉడుకునాడు అందరును వంటింటికే చేరుదురు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. దానిని దాటిపోరాదు. పంట ఎండిన యింట, అప్పు పెరిగిన యింట, రొట్టెముక్కలో సుఖమును చూడుమనుట ధర్మమా? కడుపునిండినవాడు ఆకలిగొన్నవానికి చెప్పు సంతృప్తి కఠినమైన మాట కాదా? నిజమే. వాన తప్పిన యేట ఎందరో కూలికై బెంగుళూరు వంటి నగరములకు వలసపోవుదురు. ఇంటి తలుపునకు తాళము పడును. అప్పుడు పోయినది ధాన్యము మాత్రమే కాదు. నీళ్లపొయ్యి చుట్టు కూర్చుండు ఆ ఘడియయు పోవును. కట్టుచున్న మేడ ప్రక్కన రేకుల గుడిసెలో అదే జొన్నపిండితో రొట్టె చేసికొన్నను తిన్నెమీది తాత అక్కడ లేడు. కావున గృహసుఖమును పేదవాని ఓదార్పని తేలికగా చూచుట పొరపాటు. కరవు మనుష్యుని నుండి తీసికొనిపోవు వానిలో మిక్కిలి విలువైనది అదియే. సంతృప్తి యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. చెరువు పూడిక తీయుటకుగాని, న్యాయమైన కూలి అడుగుటకుగాని అది అడ్డురాదు. శరణులు కాయకమును ముందుంచిరి. సంతృప్తి దాని వెనుక వచ్చునది.

ఈ విషయమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర గొప్ప వెలుగు. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యమనియే అర్థము. ఆ బియ్యముతో లక్కమ్మ వండి జంగమార్చన చేయుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. అక్కరకు మించినది ఆశయే యని చెప్పి, ఎక్కడ ఏరినదో అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆమె అన్నమును నిందింపలేదు, వంటను మానలేదు. నేటి అన్నపు రుచిని రేపటి మూటకై చెడగొట్టుకొనకుండుటయే ఆమె చూపిన మితము. మితము తెలిసిన యింట జొన్నరొట్టెయు నిండు భోజనము. అది తెలియని యింట పంచభక్ష్యములును వెలితియే.

మితము ఒకటియే చాలదు. ఒక యింటిని ఊహింపవచ్చును. పితికిన పప్పు కూర దిగినది. ప్రక్కయింట ముసలాయన ఒంటరిగా నున్నాడు, కొడుకు కోడలు బెంగుళూరు కూలికి పోయిరి. అవ్వ గిన్నెనిండ కూర పోసి మనుమని చేతికిచ్చును. వాడు గిన్నెవైపు చూచి, "మనకే చాలదు గదవ్వా" యనును. అవ్వ, "మిగిలినాక ఇచ్చేది దాసోహం కాదు నాయనా, వేడిగా ఉండంగానే తీసుకపో" యనును. ఆ మాటలో పెద్ద గ్రంథమునకు సరిపడు అర్థమున్నది. చల్లారిన పిదప ఇచ్చినది మిగులును వదలించుకొనుట. వేడి ఉండగా ఇచ్చినది తన సుఖములో భాగమిచ్చుట. కన్నడనాట సంక్రాంతినాడు నువ్వులు బెల్లము ఇంటింట పంచుటలోని అంతరార్థమును ఇదియే. శివునకు అర్పించి స్వీకరించినది ప్రసాదము. ప్రసాదమును తలుపు మూసికొని తినువాడు దాని పేరునే మరచినవాడు.

మరియొక తలుపు ఇంటి లోపలనే కలదు. తెల్లవారుజామున పొయ్యి రాజేసినది ఎవరు? అందరికిని వేడి రొట్టె వడ్డించి, తాను కడపట చల్లారినది తినునది ఎవరు? గృహసుఖమును వర్ణించు పురుషుడు ఈ ప్రశ్నను తరచుగ మరచును. అనుభవమంటపమున స్త్రీలకును ఆసనమిచ్చిన ధర్మమును పాటించు ఇంటిలో, పొయ్యి చెంత ఆమెకును ఆసనముండవలెను. ఒక పూట కొడుకు నీళ్లు కాచినను, భర్త రొట్టెలు కాల్చి మొదటిది ఆమెకు వడ్డించినను లింగపూజకు లోపము రాదు. ఒకరి అలసట మీద కట్టిన సుఖమును లింగమునకు ఏ ముఖముతో అర్పింపగలరు?

పుష్యము గడచును, మంచు తొలగును, ఎండలు మరల ముదురును. వచ్చు యేడు వాన ఎట్లుండునో ఎవరి చేతిలోను లేదు. వేడి రొట్టె చల్లారకముందే దానిని సగము చేయుట మాత్రము ప్రతి యింటి చేతిలోను ఉన్నది. చలి తగ్గకముందే ప్రతి గృహమును ఒక మారు తన పొయ్యి చుట్టు చూచుకొనవలెను. అక్కడ ఎవరి చోటు ఖాళీగా నున్నది?