జొన్నరొట్టె యెవరి రొట్టె?

హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో సాయంకాలమున స్త్రీలు బాటప్రక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్ముచుందురు. పల్లెలనుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు వైద్యుని మాట విని వాటిని కొనుచున్నారు. ఒకప్పుడు అది బీదవాని కూడు. వరియన్నము పండుగనాటి భోజనము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట అనేకులు జొన్నను విడిచిరి. రొట్టె మారలేదు, చూచు కన్ను మారినది.

జొన్నకు పుట్టినిల్లు ఆఫ్రికా. సుమారు 5,000 సంవత్సరముల క్రిందటనే సూడాను సీమలో దానిని సాగుచేసిరి. అక్కడివారు నేటికిని జొన్నపిండిని పులియబెట్టి కిస్రా అను పలుచని రొట్టె చేసికొందురు. రాగులును ఇథియోపియా, ఉగాండా కొండసీమలనుండి వచ్చినవే. కెన్యావారు పిండి ఉడికించి చేసికొను ఉగాలి మన సంగటికి తోబుట్టువు.

యోహాను 6:9లో చిన్నవాని యొద్దనున్నవి యవల రొట్టెలు, బీదల రొట్టెలే. కూటిని హీనపరచువాడు దానిని తినువానిని హీనపరచుచున్నాడు గదా! నల్లనివాడని పరదేశిని చులకన చేయు మనము వాని పూర్వికుల గింజతోనే మన బిడ్డలను పెంచితిమి. ఆరోగ్యము కొరకు రొట్టెను మెచ్చి, దానిని కాల్చిన చేతులను మరచినయెడల, మనము గౌరవించినది రొట్టెనా, మన దేహమునేనా?