తడి ఆరిన సానరాయి

(ధ్యానమునకు: సామెతలు 27:17; అపొ. కార్య. 20:31)



ఒకని వలన మరియొకడు పదునెక్కునను సొలొమోను సామెత మనకందరికి కంఠస్థమే. సంఘములో ఎవరినైన గద్దింపవలసి వచ్చినప్పుడు ముందుగా నోటికి వచ్చునది ఆ వచనమే. అయితే కత్తులు నూరువారిని అడిగి చూడుడి. రాయి యెంత అవసరమో నీళ్లును అంత అవసరమని చెప్పుదురు.

మంగలకత్తి నూరునప్పుడు సానరాయి తడిగా నుండవలెను. కత్తి రాతిమీద నడచినకొలది కంటికి కనబడనంత సన్నని ఉక్కు రజను రాలును. నీళ్లున్నయెడల అది తేలి కొట్టుకొనిపోవును. నీళ్లు ఆరిపోయెనా, ఆ రజను రాతి సందులలో కూరుకొని రాతిని నున్నగా చేయును. అప్పుడు కత్తి జారునే గాని పదునెక్కదు. పేరుకొన్న రజను అంచును గీరినను గీరును. చూచువానికి మాత్రము నూరుచున్నట్లే యుండును! బెల్జియం దేశములో ఆర్డెన్ కొండలయందు వియెల్సామ్ దగ్గర పసుపుపచ్చని సానరాయి యొకటి దొరకును. దానిలో అతి సన్నని గార్నెట్ రేణువులుండును. దానిమీద నూరువారు మొదట చిన్న రాతిముక్కతో రుద్ది నీళ్లను పాలవలె చిక్కగా చేసికొందురు. తరువాత చుక్క చుక్కగా నీళ్లు కలుపుచు పలుచన చేసి, కడపట తేటనీళ్లమీదనే కత్తిని నడిపింతురు. అంచు సన్నబడినకొలది నీళ్లు ఎక్కువ, చేతి బరువు తక్కువ. గొడ్డలికి పెట్టు బరువు మంగలకత్తికి పెట్టరాదు గదా. (ఇప్పుడు మన పల్లెలలోను బ్లేడులే వచ్చినవి గనుక పిల్లలు ఈ పని చూచి యుండరు, తాతలనడుగుడి.)

పౌలు ఎఫెసులో మూడు సంవత్సరములు రాత్రింబగళ్లు బుద్ధి చెప్పెను. ఎట్లు? కన్నీళ్లతో. కొరింథువారికి కఠినముగా వ్రాసినప్పుడును కన్నీళ్లు విడిచెనని రెండవ పత్రిక 2:4 వలన తెలియుచున్నది. శిక్ష పొందినవానిని ఇక క్షమించి ఆదరింపుడని అక్కడనే బతిమాలెను. మనలో గద్దింపునకు కొదువ లేదు. త్రాగి వచ్చిన పడుచువానిని ఆరాధనలో పేరు పెట్టి లేపి నిలువబెట్టుదుము. మరుసటి ఆదివారము అతడు రాడు. తల్లి ఒంటరిగా వచ్చి వెనుక చాపమీద కూర్చుండును. క్రమశిక్షణ జరిగినదని పెద్దలు పుస్తకములో వ్రాసికొందురు. ఇందులో ఎవరు పదునెక్కిరి?

పెద్దలారా, అట్టి కుమారుడు మీ సంఘములో నున్నయెడల ప్రభువు బల్లకు ముందుగా అతని యింటికి వెళ్లుడి. మత్తయి 18:15 చొప్పున ఒక్కరే వెళ్లుడి. నలుగురు వెళ్లినయెడల అది పంచాయతీ యగును. అతడు చెప్పునది కడవరకు వినుడి. ఆ తల్లితో కలిసి ప్రార్థించుడి. తప్పును గూర్చి ఆ దినమే మాటలాడవలెనని లేదు.