నిరీక్షణయు కన్నీరును

దుఃఖితుల నోదార్చుట ధర్మమని యెల్ల మతములవారును ఒప్పుకొందురు. ఎట్లు ఓదార్పవలె నన్నచోటనే చిక్కు గలుగుచున్నది. క్రైస్తవ మతము ఈ విషయమున లోకమునకు స్పష్టమైన మాట యొకటి చెప్పినది: మృతుడు నశింపలేదు, దేవుని సన్నిధిని ఉన్నాడు, మరల కలిసికొందుము. దాదాపు రెండువేల సంవత్సరములుగా ఈ మాట లెక్కింపరాని జనుల కన్నీరు తుడిచినది. ఇదే మాట పలుకరాని వేళ పలుకబడి అనేకుల హృదయములను గాయపరచినది కూడ. ఒకే మాట ఒకచోట మందై, మరియొకచోట దెబ్బ యగుటకు కారణ మేమి? ఇదియే మేము విచారింపదలచిన ప్రశ్న.

మొదట మా తప్పునే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట, మాతోడి న్యాయవాదియగు ఒక క్రైస్తవ మిత్రుని కుమారుడు, ఏడేండ్ల బాలుడు, జ్వరము తగిలి నాలుగు దినములలో మరణించెను. సమాధుల తోటనుండి అందరును తిరిగివచ్చిన సాయంకాలము మేము వారి యింటికి బోయితిమి. బాలుని తల్లి గోడకు జేరగిలబడి యేడ్చుచుండెను. మేము ఆ మతమువారము కాకపోయినను వారి గ్రంథములను చదివియుంటిమి. ఆ చదువును అక్కడ వినియోగింప నుత్సహించి, "అమ్మా, బిడ్డ పరలోకమున దేవునియొద్ద సుఖముగా నున్నాడని మీ మతము చెప్పుచున్నది గదా. విశ్వాసముగల మీరే యిట్లు ఏడ్చినచో నెట్లు?" అంటిమి. ఆమె తల యెత్తి, "అన్నగారూ, వాడక్కడ ఉన్నాడని నమ్ముచున్నాను. ఇక్కడ లేడని యేడ్చుచున్నాను" అనెను.

ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో వాదించుచున్న మాకు ఆ మాటకు ప్రత్యుత్తరము దొరకలేదు. ఆ రాత్రి యింటికి వచ్చి యోచించినకొలదియు, ఆమె మా ప్రశ్నకు సమాధానము చెప్పుటయే గాక, ప్రశ్నలోని పొరపాటునుగూడ చూపినదని తోచెను. నమ్మకము వేరు, వియోగము వేరు. ఒకటి రెండవదానిని కొట్టివేయదు. ఒకే హృదయమున రెండును ఇరుగుపొరుగుగా కాపురముండగలవు.

ఈ సంగతి తెలియక రెండు పక్షములవారు పొరపడుచున్నారు. మొదటి పక్షమువారు, పరలోకాశ యనునది దుఃఖమును మరపించు మత్తుమందు మాత్రమే యందురు. కార్ల్ మార్క్సు 1844లో ప్రకటించిన యొక వ్యాసమున మతమును నల్లమందుతో పోల్చినది వీరికి కంఠస్థము. పీడితుల నిజమైన బాధ మతమునందు పలుకుచున్నదని ఆయన ఆ వ్యాసముననే యొప్పుకొన్నది మాత్రము వీరు తరచుగా చెప్పరు. రెండవ పక్షమువారు విశ్వాసులు. వీరు కన్నీరు విశ్వాసలోపమునకు గుర్తనియు, గట్టిగా నమ్మినవాడు ఏడువరాదనియు తలంతురు. ఈ ఇరుపక్షములకును ఒక విషయమున ఏకాభిప్రాయము గలదు: ఆశ చేయవలసిన పని కన్నీటి నాపుట యని. ఒకరు అందుకై దానిని నిందింతురు, ఒకరు అందుకై దానిని వాడుకొందురు. ఆ తలంపే తప్పని మా మనవి. అట్టి బోధ క్రైస్తవ గ్రంథములలోనే కానరాదు.

యోహాను సువార్త పదునొకండవ యధ్యాయమును చూడుడు. బేతనియ గ్రామమున లాజరు మరణించి నాలుగు దినములైనది. సోదరీమణులు మార్తయు మరియయు శోకించుచున్నారు. యేసు అచ్చటికి వచ్చి, వారి దుఃఖమును చూచి, తానును కన్నీరు విడిచెను. ఆ కథ ప్రకారము, కొంతసేపటిలో లాజరును సమాధినుండి పిలువబోవుచున్నానని ఆయన యెరుగును. పునస్సమాగమము నిశ్చయమైనచో ఏడువ బనిలేదనుట సత్యమైనయెడల, ఆ దినమున ఏడువ నక్కరలేనివాడు ఆయన యొక్కడే. ఆయనయే యేడ్చినప్పుడు, ఆయన నామమున ఇతరుల కన్నీటిని నిషేధించుటకు ఎవరికి నధికారము గలదు?

పౌలు తెస్సలొనీక పట్టణపు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికయు ఇట్టిదే. క్రీస్తుశకము 50 ప్రాంతమున వ్రాయబడిన ఈ పత్రిక నూతన నిబంధనలో మిగుల ప్రాచీనములైన భాగములలో నొకటి. ప్రభువు మరల వచ్చుటకు ముందే తమవారు కొందరు చనిపోగా, వారి గతి యేమగునని ఆ సంఘమువారు కలతపడిరి. వారికి పౌలు, నిరీక్షణ లేనివారివలె దుఃఖింపవలదని బోధించెను. చట్టములోని వాక్యమును చదువునట్లు దీనిని చదువవలెను. ఒక విశేషణముతో గూడిన నిషేధము సర్వనిషేధము కాదు. ఆయన దుఃఖింపవలదనలేదు, ఒక విధముగా దుఃఖింపవలదనెను. అనగా మరియొక విధమైన దుఃఖమునకు చోటు విడిచెను.

తెలుగు బైబిలు ఇచ్చట వాడిన నిరీక్షణ యను పదమును గమనింపుడు. మన భాషలో నిరీక్షణ యనగా ఎదురుచూపు. ఎదురుచూచువాడు సుఖించువాడు కాడు. వాని కన్ను వాకిటిమీద నుండును. అడుగుల చప్పుడైన ప్రతిసారియు ఉలికిపడును. ప్రక్కనున్న చోటు శూన్యముగనే యుండును. వచ్చుననెడి నమ్మకము లేనివాడు తలుపు మూసికొని పండుకొనును. నమ్మకమున్నవాడే మేలుకొని యుండును. కావున నిరీక్షణ వియోగదుఃఖమును తీసివేయదు. దానికి ఒక దిక్కు చూపును. క్రైస్తవులు తమ మృతులను గూర్చి ప్రభువునందు నిద్రించిరనుటయు ఈ భావముననే. శ్మశానమునకు ఇంగ్లీషువారు వాడు సెమెటరీ యను పేరునకు గ్రీకు మూలమున నిద్రించు స్థలమనియే యర్థము.

ఆ మతమునందలి మహాపురుషులు దీనిని తమ గృహములలో నేర్చుకొనిరి. అగస్తీను తల్లియగు మోనికా 387వ సంవత్సరమున ఓస్తియా రేవున మరణించెను. అప్పుడాయనకు ముప్పదిమూడవ యేడు నడచుచుండెను. తల్లి కన్నులు మూసి, ఆమె సద్గతి పొందినదని దృఢముగ నమ్మి, ఏడ్చుట తగదని తన్ను తాను నిర్బంధించుకొనెను. ఏడ్చిన బాలుడైన తన కుమారుని గూడ పెద్దలు ఊరుకొనుమనిరి. స్నానము చేసిన దుఃఖము తగ్గునని విని స్నానము చేసెను, తగ్గలేదు. తుదకు ఒక నిద్ర తీసి లేచిన పిమ్మట, ఏకాంతమున దేవుని యెదుట కన్నీరు ధారగా విడిచి, అప్పుడు గాని హృదయమునకు విశ్రాంతి పొందలేదు. ఈ సంగతి ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనెను.

మార్టిన్ లూథరు కుమార్తె మగ్దలేనా 1542 సెప్టెంబరులో విట్టెన్‌బర్గు పట్టణమున పదుమూడేండ్ల ప్రాయమున మరణించెను. ఐరోపాయందలి మతసంఘములను కదిలించిన ఆ ధీరుడు కొలదిదినములకు ఒక మిత్రునకు జాబు వ్రాయుచు, బిడ్డకు లభించిన సద్గతికి కృతజ్ఞులమై యుండవలసినదే కాని, వాత్సల్యబలముచే తానును భార్యయు వెక్కివెక్కి యేడువక యుండలేకున్నామని యొప్పుకొనెను. లోకమునకు విశ్వాసమును బోధించినవాడు తన కన్నీటిని దాచుకొనలేదు. ఇది విశ్వాసలోపమని ఎవరనగలరు?

ఇక మా వృత్తిలోనివాని కథయే యొకటి కలదు. హొరేషియో స్పాఫర్డు చికాగో నగరమున న్యాయవాది. 1871 నాటి మహాగ్నిప్రమాదమున ఆయనకు మిక్కిలి ధననష్టము గలిగెను. 1873 నవంబరున ఆయన భార్యయు నలుగురు కుమార్తెలును విల్ ద్యు ఆవ్ర్ అను ఓడలో ఐరోపాకు బయలుదేరిరి. 22వ తేదీన అట్లాంటిక్ సముద్రమున ఆ యోడ మరియొక నౌకను ఢీకొని కొలది నిమిషములలో మునిగిపోయెను. నలుగురు బాలికలును మరణించిరి. తానొక్కతెనే బ్రతికితినని భార్య తంతివార్త పంపెను. పిమ్మట స్పాఫర్డు తన యాత్మకు క్షేమమేయని చెప్పు కీర్తన నొకదానిని వ్రాసెను. 1876లో ఫిలిప్ బ్లిస్ కూర్చిన రాగముతో అది అచ్చయినది. ఆ రాగమునకు ఆ యోడ పేరే పెట్టిరి.

ఈ కీర్తన నేడు తెలుగు దేశమునను మరణగృహములలో పాడబడుచున్నది. దానిని వ్రాసినది ఎవరో మరువరాదు. బిడ్డలను కోల్పోయిన తండ్రియే క్షేమమనెను. అదే మాట పొరుగువాడొకడు వచ్చి, నీ బిడ్డలు మునిగినను నీకు క్షేమమే యని ఆ తండ్రితో అనియుండినచో, అంతకన్న క్రూరమైన పలుకుండదు. మాట యొకటే, పలికిన నోరు వేరు. దుఃఖితుడు తన లోతునుండి తెచ్చుకొని పలికిన ఆశ వానికి బలము. దుఃఖము తగులనివాడు తొందరపడి వానిమీద మోపిన ఆశ వానికి బరువు. మందు దెబ్బయగుటకు కారణ మిదియే.

సి. ఎస్. లూయిస్ అను ఆంగ్ల విద్వాంసుడు 1940లో బాధను గూర్చి చక్కని తర్కముతో ఒక గ్రంథము వ్రాసెను. 1960లో ఆయన భార్య జాయ్ మరణించెను. మరుసటి యేట ఆయన మారుపేరుతో ప్రకటించిన చిన్న పుస్తకమున పూర్వపు నిబ్బరము కానరాదు. మతమువలని ఓదార్పును గూర్చి తేలికగా మాటలాడువారిని ఆయన సహింపలేకపోయెను. అట్లయినను ఆయన విశ్వాసమును విడువలేదు. ఉపన్యాసమున సులభముగ పలికిన సత్యమునే శూన్యమైన గృహమున నిలిచి మరల పలుక నేర్చుకొనవలసివచ్చెను.

ఇచ్చట నొక ఆక్షేపణ కలదు. పరలోకమును ఎవరును చూచి వచ్చి సాక్ష్యము చెప్పలేదు. రుజువు కానిదానితో ఓదార్చుట మోసము కాదా? న్యాయవాదులమైన మేము రుజువు విలువ నెరుగుదుము. నిరీక్షణ యనునది న్యాయస్థానమున నిలుచు నిరూపణ కాదని క్రైస్తవులును ఒప్పుకొనవలసినదే. కాని మోసమనగా తాను నమ్మనిదానిని ఇతరులను నమ్మించుట. తాను బ్రతుకును అప్పగించుకొన్న నమ్మకమును ఒకడు వినయముతో పంచుకొనుట మోసము కాదు. తాను నమ్మకయే, ఏదో యొకటి యనవలెనని పరలోకమును పేర్కొనుట మాత్రము మోసమే. ఆ సాయంకాలము మేము చేసినది అట్టిదే యని యొప్పుకొనుచున్నాము. మాది కాని ధనమును మేము దానము చేయబోయితిమి.

ఇంతకన్న హీనమైన దుర్వినియోగ మొకటి కలదు. యంత్రమున బడి మరణించిన కూలివాని భార్యతో, దేవుడు పిలుచుకొన్నాడమ్మా, ఇక వ్యాజ్య మెందుకని చెప్పి, స్వల్పమైన మొత్తమునకు వేలిముద్ర వేయించుకొన జూచినవారిని మా వృత్తిలో చూచితిమి. కార్మికుల నష్టపరిహారమునకై 1923లో చట్టము పుట్టినది అట్టి స్త్రీలకొరకే. పరలోకమును చూపి ఇహలోక న్యాయమును ఎగవేయువాడు దుఃఖితురాలిని మాత్రమే గాక ఆమె దేవునిగూడ అవమానించుచున్నాడు.

అట్లయిన ఓదార్చువాడు చేయవలసిన దేమి? యోబు గ్రంథమున దీనికి చక్కని పాఠము కలదు. బిడ్డలను, సంపదను, ఆరోగ్యమును పోగొట్టుకొన్న యోబును చూడవచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు పగళ్లును ఏడు రాత్రులును అతనితో నేలమీద కూర్చుండి ఒక్క మాటయైన పలుకలేదు. వారు మంచి మిత్రులుగ నుండినది ఆ యేడు దినములే. నోరు తెరచి కారణములు చెప్ప నారంభించిన పిమ్మట వారి స్నేహము చెడిపోయెను. మౌనముగ కూర్చుండుట, వంట చేసిపెట్టుట, మృతుని పేరు పలుకుటకు వెరవకుండుట, దుఃఖితుడు అడిగినప్పుడు తనకు నిజముగ నమ్మకమున్నంత వరకే చెప్పుట: ఇంతకుమించిన విధి మాకు తోచలేదు.

మా మిత్రుని గృహమున తరువాత జరిగిన దానిని ఆయనయే మాకు చెప్పెను. వారి సంఘమునకు జెందిన యొక వృద్ధురాలు ప్రతిదినమును జావ తెచ్చి యిచ్చి, వాకిలి యూడ్చి, చిన్నపిల్లకు తల దువ్వి, ఆ తల్లిప్రక్కన కొంతసేపు కూర్చుండి పోవుచుండెనట. ఆదరణ కూడికలో అందరును మాటలాడినను ఆమె మాటలాడలేదట. మూడు వారములు గడచిన పిమ్మట ఒకనాడు ఆ తల్లియే, "అవ్వా, వాడు నన్ను గుర్తుపట్టునా?" అని యడిగెను. వృద్ధురాలు, "నాకును ఇద్దరక్కడ ఉన్నారమ్మా. నలువదియేండ్లనుండి ఎదురుచూచుచున్నాను" అనెను. అంతట ఇద్దరును ఒకరి నొకరు పట్టుకొని యేడ్చిరి. ఆ రాత్రి ఆ తల్లి చాల దినములకు కడుపార భోజనము చేసెనని మా మిత్రుడు చెప్పెను.

ఆ వృద్ధురాలు చెప్పినది మేము చెప్పిన పరలోకమునే. కాని ఆమె అడిగినప్పుడు చెప్పెను, తనదైనదానిని చెప్పెను, చెప్పి తానును ఏడ్చెను. చదువరులారా, మీ యిరుగుపొరుగున శోకము వచ్చినప్పుడు మీ మతమేదైనను ఈ మూడింటిని జ్ఞాపకముంచుకొనుడు. చెప్పుటకు మీదైన మాట లేనిచో, జావ పట్టుకొని పొండు.