ఆకలిగొన్నవారిని పేరు అడగాలా?

జకాత్‌కు లెక్క ఉంది. నిసాబ్‌కు చేరిన సొమ్ము ఏడాది నిలిస్తే నూటికి రెండున్నర వంతు తీయాలి. దాన్ని ముస్లిం నిరుపేదలకే ఇవ్వాలని అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. కాని ఇష్టపూర్వకంగా ఇచ్చే సదఖాకు ఈ హద్దు లేదు. మరి అన్నం పెట్టేటప్పుడు అవతలివారు ‘మనవారేనా’ అని మన మనసు ఎందుకు ఆరా తీస్తుంది?

తెనాలి దగ్గరి చుండూరు వరి పండే ఊరు. 1991 జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా పెరిగి, అక్కడి దళితులపై సాంఘిక బహిష్కారం విధించారు. పొలం పనులకు పిలవడం మానేశారు. కూలి ఆగితే కూలివాని ఇంట పొయ్యి ఎన్నాళ్లు వెలుగుతుంది? ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ప్రాణాలతో బయటపడినవారు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ప్రాంగణంలో తలదాచుకున్నారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఆ చర్చ వేరు. ఇక్కడ మనకు కావలసింది మెతుకును ఆయుధం చేసిన ఆ రోజుల సంగతి.

ఎందుకంటే అది మన చరిత్ర కూడా. మక్కాలో ఖురైషు నాయకులు హాషిమ్ వంశంతో క్రయవిక్రయాలు, పెళ్లి సంబంధాలు నిషేధించారు. దైవప్రవక్త (స), ఆయన బంధువులు, సహచరులు దాదాపు మూడేళ్లు అబూ తాలిబ్ లోయలో ఆకులు తిని బతికారు. ఆకలితో పిల్లలు ఏడ్చే ఏడుపు లోయ బయటికి వినిపించేది. అప్పుడు తిండి పంపినదెవరు? హకీమ్ బిన్ హిజామ్ తన మేనత్త హజ్రత్ ఖదీజా (రజి)కు గోధుమలు తీసుకెళ్తుంటే అబూ జహల్ అడ్డగించాడు. అబుల్ బఖ్తరీ కలగజేసుకుని వదిలిపెట్టించాడు. హిషామ్ బిన్ అమ్ర్ రాత్రివేళ ఒంటెపై ధాన్యం వేసి లోయలోకి తోలేవాడు. వీరిలో ఒక్కరూ అప్పటికి ముస్లిం కారు. అబుల్ బఖ్తరీ అయితే బద్ర్‌లో ఎదుటిపక్షాన పోరాడి చనిపోయాడు.

అంటే కష్టకాలంలో మనవాళ్ల కడుపు నింపినవి ‘పరాయి’ చేతులే!

తర్వాత కాలం తిరగబడింది. ఇస్లాం స్వీకరించిన యమామా నాయకుడు సుమామా (రజి) మక్కాకు ధాన్యం ఆపేశారు. మక్కావాసులు అలమటించి ప్రవక్త (స)కు మొరపెట్టుకున్నారు. ఒకప్పుడు తన వారిని పస్తులుంచిన ఊరది. అయినా ఆయన ధాన్యం పోనివ్వమని సుమామాకు వ్రాయించారు.

మన ఇఫ్తార్ విందులు చూడండి. తిన్నవారే తిన్నవారిని పిలుస్తారు. మిగిలితే ఫోటో తీసి మరీ పంచుతారు. ఇచ్చి దెప్పితే, మనసు నొప్పిస్తే ఆ దానం వ్యర్థమవుతుందని బఖరా సూరా హెచ్చరిస్తోంది. ఫోటో కూడా దెప్పడంలాంటిదేనని మా అభిప్రాయం.

అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట ఒకనాడు మేకను కోశారు. ఆయన ఇంటికి రాగానే, మన యూదు పొరుగువారికి పంపారా అని అడిగారు. అని ఊరుకోలేదు, మళ్లీ అడిగారు.