కుమారుడు అడిగినప్పుడు



ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము 20వ వచనములో కుమారుడు తండ్రిని అడుగుచున్నాడు, ఈ కట్టడలేమిటని. తండ్రి జవాబు ఎక్కడ ఆరంభమగుచున్నదో గమనించండి. కనాను ద్రాక్షతోటలతో కాదు, ఐగుప్తులో తాము పడిన దాస్యముతో.

వేలూరు, గుడియాత్తంలలోని మన ఇండ్లలోను ఆ ప్రశ్న వచ్చును. సాధారణముగా బడిలో కమ్యూనిటీ సర్టిఫికెట్ తెమ్మన్న దినమున.

"మనది ఏం కులం నాయనా?"

"మనం క్రైస్తవులం రా. మనకు కులం లేదు."

సువార్త ప్రకారము అది సత్యమే. కాని తాలూకా ఆఫీసు కాగితము వేరుగా పలుకును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వునుబట్టి క్రైస్తవుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరచిరి, మనకు తెరువలేదు. తమిళనాడులో అట్టి క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో వ్రాయుదురు. లేదన్న కులము కాగితముమీద కనబడగా, నాయన ఏదో దాచుచున్నాడని పిల్లవాడు గ్రహించును.

2019 ఆగస్టులో వాణియంబాడి దగ్గర నారాయణపురములో, శ్మశానమునకు పొలముల గుండా దారి లేదన్నందున, ఒక దళితుని దేహమును పాలారు వంతెనమీదనుండి త్రాళ్లతో దించిరి. పిల్లలు అది ఫోనులో చూచి మా ముఖములవైపు చూచిరి. మేము ఫోను లాగికొని, పోయి చదువుకొమ్మంటిమి.

బాప్టిస్టు కాపరి మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ చెరసాలనుండి వ్రాసిన లేఖలో ఇట్టి సంగతియే యున్నది. వినోదశాలకు పోవుదమన్న ఆరేండ్ల కుమార్తెకు, నల్లపిల్లలకు అక్కడ ప్రవేశము లేదని చెప్పబోగా తండ్రి నాలుక తడబడును. చెప్పిన పిమ్మట ఆ పసి మనస్సులో న్యూనత, ద్వేషము మొలకెత్తుట చూచి బాధపడును. అంతటి ప్రసంగీకుడే తడబడగా మనమెంత! అయినను ఆయన చెప్పకుండ మానలేదు.

మనకు చెప్పుటకు దాస్యము మాత్రమే కాదు, విడుదలయు ఉన్నది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఊరి బావి ముట్టనియ్యని మాదిగలే వారిలో అనేకులు. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. క్లౌ దొర గట్టునే ఉండెను. ఇది పిల్లలకు చెప్పితిమా?

మరియొకటి చెప్పుట కష్టము. మొన్న ఒక పెండ్లి సంబంధము వచ్చినప్పుడు, పిల్ల రక్షణ సాక్ష్యము విని సంతోషించి, కాఫీ త్రాగి, తరువాత గొంతు తగ్గించి మేమే అడిగితిమి, వారు మాలలా, మాదిగలా అని. పిల్లలు ప్రక్క గదిలో మేలుకొనియే ఉండిరి.