గదిలో మాటలు, కొండల మీద ఇళ్ళు

"సంధి మాట్లాడుకునే గది దరిదాపులకి విలేకరిని రానివ్వకూడదండీ," అన్నాను.

విదేశీ వార్తల డెస్కు మీద బతికే నేనే ఆ మాట అనేసరికి మాస్టారు చేతిలో పత్రిక మడిచి పక్కన పెట్టారు. డిగ్రీలో మాకు రాజనీతిశాస్త్రం చెప్పారాయన. రిటైరయ్యారు గానీ ప్రశ్నలు వేయడం మానలేదు.

"ఏమోయ్, జీతం ఎక్కువైందా? కారణం చెప్పు."

"ఇజ్రాయెల్, పాలస్తీనాల ఓస్లో ఒప్పందమే కారణం. 1991 అక్టోబరులో మాడ్రిడ్‌లో సభ పెట్టారు. పాలస్తీనా తరఫున హనాన్ అష్రావీ, ఇజ్రాయెల్ తరఫున నెతన్యాహు మైకుల ముందు మాటకు మాట అప్పజెప్పారు. తర్వాత వాషింగ్టన్‌లో విడతలు విడతలుగా చర్చలు. ప్రతి విడతకీ గుమ్మంలో కెమెరాలు. అంగుళం కదల్లేదు. ఇవతల 1993 జనవరిలో నార్వేలోని సార్ప్స్‌బోర్గ్‌లో ఇద్దరు ఇజ్రాయెలీ విద్యావేత్తలు, పి.ఎల్.ఓ. నుంచి అహ్మద్ కురేయీ బృందం గుట్టుగా కూర్చున్నారు. ఆగస్టుకల్లా ఒప్పందం తయారు. కెమెరా ముందు ఎవడూ మెట్టు దిగడు మాస్టారూ. దిగితే సొంతవాళ్ళే పీకుతారు."

"బాగుంది. వాషింగ్టన్‌లో పాలస్తీనా బృందానికి పెద్ద ఎవరు?"

"హైదర్ అబ్దుల్ షఫీ. గాజా డాక్టరు."

"ఆయన పట్టిన పట్టేమిటి?"

"ముందు ఆక్రమిత నేల మీద యూదు సెటిల్మెంట్లు కట్టడం ఆపమని."

"ఓస్లో కాగితంలో ఆ మాట ఉందా?"

లేదు. సెటిల్మెంట్లు, జెరూసలేం, శరణార్థులు, సరిహద్దులు, భద్రత, అన్నీ తుది దశకి వాయిదా వేశారు. మధ్యంతర కాలం అయిదేళ్ళు. మూడో ఏడు మొదలయ్యేలోగా తుది చర్చలు మొదలవ్వాలన్నారు. ఆ లోపు ఇళ్ళు కట్టొద్దని మాత్రం రాసుకోలేదు. అబ్దుల్ షఫీ ఆ వెలితి ఎత్తిచూపి, వైట్‌హౌస్‌లో సంతకాల సంబరానికి వెళ్ళకుండా ఉండిపోయాడు.

"చూశావా," అన్నారు మాస్టారు. "అంగుళం కదల్లేదంటున్నావే, ఆ గదిలో ఒక పెద్దమనిషి అడగవలసిన ప్రశ్న అడిగి కూర్చున్నాడు. నీ గుట్టు గదిలో బండి కదిలింది నిజమే. ఆ ప్రశ్నని దారిలో దింపేశారు కనక కదిలింది."

అది పూర్తిగా న్యాయమైన మాట కాదు. ఆ ప్రశ్న పట్టుకుని కూర్చుంటే రెండు పక్షాలు ఒకదాన్నొకటి గుర్తించడం కూడా జరిగేది కాదు. 1993 సెప్టెంబరు 9న రెండు పక్షాలూ ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాల్లో జరిగింది అదే, చిన్న సంగతి కాదు. ఆ మాట ఆయనతో అన్నాను. తల ఊపారు గానీ దారి మళ్ళలేదు.

"కాంట్ గుర్తున్నాడా? 1795లో శాశ్వత శాంతి మీద రాసినప్పుడు మొట్టమొదటి షరతు అదే పెట్టాడు. రేపటి యుద్ధానికి సరుకు లోలోపల దాచుకుని చేసుకున్న సంధి సంధి కాదని."

"ఇక్కడ దాచిందేముందండీ? తుది దశకి ఏమేం మిగిల్చారో ఒప్పందంలోనే ఉంది. అందరూ చదవొచ్చు."

"నా గోలంతా అదేనోయ్. దాస్తే పోనీ, మీకు దొరకలేదనుకోవచ్చు. అచ్చేసి చేతికిచ్చారు. మరి సంతకాల మర్నాడు, సెప్టెంబరు 14 పత్రికల్లో జనం చూసిందేమిటి?"

ఏం చూశారో చెప్పక్కర్లేదు. ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ చెయ్యి కొంచెం ఆలస్యంగా లేస్తుంది. పి.ఎల్.ఓ. నాయకుడు అరాఫత్ చెయ్యి ముందే చాచి ఉంటుంది. వెనక క్లింటన్ రెండు చేతులూ బార్లా చాపి ఇద్దరినీ పొదువుకోబోతున్నట్టు నిలబడతాడు. అసలు సంతకాలు చేసింది ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి పెరెస్, పి.ఎల్.ఓ. తరఫున మహమూద్ అబ్బాస్. ఇవాళ ఏ పాఠకుణ్ణి అడిగినా ఒప్పందం మీద సంతకాలు ఆ ఫొటోలో చేతులు కలిపినవాళ్ళవే అంటాడు.

"ఇప్పుడు గది సంగతి వదిలేసి నేల సంగతి చెప్పు," అన్నారు. "1993లో వెస్ట్ బ్యాంక్‌లో సెటిలర్లు ఎంతమంది?"

"తూర్పు జెరూసలేం కాకుండా 1,10,000 పైచిలుకు."

"2000 నాటికి?"

"దాదాపు 2 లక్షలు."

"ఈ లెక్క రహస్యమా?"

కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వ గణాంక శాఖే ఏటా జనాభా లెక్క ఇస్తుంది. పీస్ నౌ అనే ఇజ్రాయెలీ సంస్థ ఏ కొండ మీద కొత్త ఇళ్ళు లేస్తున్నాయో లెక్క పెడుతూ వచ్చింది. సెటిలర్ల కోసం పాలస్తీనా ఊళ్ళు తగలకుండా బైపాస్ రోడ్లు వేశారు. బెత్లెహేమ్‌ని తప్పించి సొరంగాల మీదుగా పోయే 60వ నంబరు రోడ్డు ఆ రోజుల్లోదే. రోడ్డు వేస్తుంటే ఎవరికైనా కనబడుతుంది.

"అమెరికా అధ్యక్షుడు విల్సన్ 1918లో ఒప్పందాలు బహిరంగంగా కుదరాలన్నాడు, మరుసటి ఏడు పారిస్‌లో తలుపులు మూసుకుని కూర్చున్నాడు. అప్పణ్ణించీ మీ వాళ్ళంతా ఆ తలుపు తెరవాలా వద్దా అనే కొట్టుకుంటున్నారు. శాంతి తేలింది ఆ తలుపు వెనక కాదురా. కొండల మీద, పట్టపగలు. అక్కడికి వెళ్ళడానికి పాసు కూడా అక్కర్లేకపోయె."

'ఓయ్' పోయి 'రా' వచ్చిందంటే మాస్టారికి వేడెక్కిందన్న మాట. నాకూ వేడెక్కింది.

"బస్సుల సంగతి చెప్పరేం? 1996 ఫిబ్రవరి 25న జెరూసలేంలో 18వ నంబరు బస్సు పేలింది. సరిగ్గా వారానికి, మార్చి 3న, అదే 18వ నంబరు బస్సు మళ్ళీ పేలింది. మే ఎన్నికల్లో అప్పటి ప్రధాని పెరెస్ ఒక శాతం కూడా లేని తేడాతో నెతన్యాహు చేతిలో ఓడాడు. రోజూ ఆ బస్సెక్కి ఆఫీసుకి పోయే ఆడమనిషికి కొండ మీద ఇళ్ళ లెక్క ఎందుకండీ? భయం మ్యాపులో కనబడదు. అదీ నేల మీది నిజమే."

మాస్టారు కొంతసేపు మాట్లాడలేదు. "నిజమే," అన్నారు చివరికి. "రెండూ నిజాలే. ఒకటి చప్పుడు చేస్తుంది, ఒకటి చెయ్యదు. మీరు చప్పుడైనదాన్నే కొలుస్తారు."

"హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసరు గాడీ వుల్ఫ్స్‌ఫెల్డ్ 2004లో పుస్తకమే రాశాడు. వార్తకి తొందర, నాటకం, సులువు కావాలి. శాంతి ప్రయత్నం నెమ్మది, చిక్కు. రెంటికీ పొసగదంటాడు. మా తప్పు కాదు, వార్త స్వభావమే అంత."

"స్వభావమా? రింగ్ రోడ్డు అలైన్‌మెంటు మారిందంటే సర్వే నంబర్లతో సహా వేస్తారు కదరా! ఎవడి పొలం పోతుందో, ఎవడి ఎకరం కోటి అవుతుందో మీ పాఠకుడు భూతద్దం పెట్టి చూస్తాడు. అందులో పేలుడేముంది? మన నేలయితే రోడ్డే వార్త. వాళ్ళదయితే కరచాలనం వార్త."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. అందుకని ఇంకో వైపు నుంచి వచ్చాను.

"సరే, గది లోపలి సంగతి బయటపడితే ఏమవుతుందో చూడండి. 2011 జనవరిలో అల్ జజీరా, గార్డియన్ కలిసి 1,600కి పైగా చర్చల పత్రాలు బయటపెట్టాయి. తూర్పు జెరూసలేంలో యూదు కాలనీల్లో హార్ హోమా తప్ప దాదాపు అన్నీ వదులుకోవడానికి పాలస్తీనా బృందం 2008లో సిద్ధపడిందని తెలిసింది. జనం భగ్గుమన్నారు. ముఖ్య సంధానకర్త సాయెబ్ ఎరెకాత్ రాజీనామా ప్రకటించాడు. మెట్టు దిగినవాడికి దక్కింది అదీ."

"దిగినందుకు కాదోయ్. గదిలో ఒక మాట, వీధిలో ఒక మాట మాట్లాడినందుకు. అదే 2008లో ఇజ్రాయెల్ ప్రధాని ఒల్మెర్ట్ అబ్బాస్‌కి మ్యాపు చూపించి, సంతకం పెడితే గానీ కాపీ ఇవ్వనన్నాడు కదూ?"

"అవును. అబ్బాస్ వెనక్కి వచ్చి గుర్తున్నంతవరకూ చేత్తో గీసుకున్నాడు."

"ఒక జాతి సరిహద్దు! చేత్తో, జ్ఞాపకం మీద! అంత గుట్టు ఎవరిని కాపాడిందో చెప్పు. పైగా ఇప్పుడు గుట్టయినా ఉందా? గాజా కాల్పుల విరమణ మీద దోహా చర్చలు చూశాం. 2024 అంతా 'ఒప్పందం దగ్గరపడింది' అని వేశారు. ఎవరు చెప్పారు?"

"పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక అధికారి."

"ఎవరికి పనికొచ్చే మాట వాడు గుమ్మం కింద నుంచి తోశాడన్న మాట. గాజాలోకి మాత్రం 2023 అక్టోబరు నుంచీ విదేశీ విలేకరుల్ని స్వేచ్ఛగా అడుగు పెట్టనివ్వలేదు. మాట బయటికొచ్చింది, నేల మూతపడింది. నువ్వడిగిన దానికి తలకిందులు."

అక్కడ మాత్రం ఆయనతో ఏకీభవించాను. గది మూసి నేల తెరిచి ఉంచమంటే ఒప్పుకుంటాను. జరుగుతున్నది అది కాదు.

"మళ్ళీ చర్చల వార్త వచ్చిన రోజున పక్కన వెస్ట్ బ్యాంక్ మ్యాపు వెయ్యి," అన్నారు. "పాలస్తీనా పాలనలోని ఏ, ఉమ్మడి అదుపులోని బి, ఇజ్రాయెల్ చేతిలోని సి ప్రాంతాలు వేరు వేరు రంగుల్లో."

"విదేశీ వార్తకి నాకొచ్చేది రెండు కాలమ్‌లు మాస్టారూ."

"అందులోనే వెయ్యి."

"పడదండీ. సి ప్రాంతమే 60 శాతం. మిగిలిన ఏ, బి రెండూ 160కి పైగా ముక్కలు. రెండు కాలమ్‌ల వెడల్పులో వేస్తే చుక్కలు చుక్కలుగా వస్తుంది. పొద్దున్నే ఏజెంట్లు ఫోన్ చేసి, మెషీన్లో సిరా చిమ్మిందా అని అడుగుతారు."