పీరు మోసిన భుజం ఎవరిది?

పీర్ల పండుగ గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా అంటారు: 'మతసామరస్యానికి ప్రతీక' అని. ఆ మాట విన్నప్పుడల్లా మాకు సంతోషమే. కానీ లోపలెక్కడో కలుక్కుమంటుంది కూడా. సంతోషం ఎందుకో చెప్పనక్కరలేదు. కలుక్కుమనడం ఎందుకో చెప్పుకోవాలి.

క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుస్సేన్, ఆయన వెంట నిలిచిన కొద్దిమంది, దాహంతో అల్లాడుతూ కూడా అధికారానికి తలవంచక ప్రాణాలిచ్చారు. ఎక్కడి కర్బలా, ఎక్కడి తెలుగు పల్లె! కుతుబ్‌షాహీల కాలంలో హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా లేచింది. రాజులు పోయారు. పీర్లు మాత్రం ఊళ్ళలో నిలిచాయి. ఒక్క ఈనాముల వల్లనే నిలవలేదు. పనిచేసే చేతుల వల్ల నిలిచాయి.

ఆ చేతులు ఎవరివో చూడండి. లోహపు రేకును పీరుగా మలిచింది కంసాలి. దట్టీలు కట్టి, ఊదు వేసి, పది రోజులు కనిపెట్టుకుని ఉండేది ముజావరు. చాలా ఊళ్ళలో ఆయన దూదేకుల తాత. డప్పు మాదిగవాడ నుంచి వస్తుంది. సన్నాయి మంగలి అన్నది. దివిటీ చాకలి మామది. పులివేషగాడి ఒంటిమీద చారలు దిద్దే చేయి మరొకరిది. గుండం చుట్టూ 'అసోయ్ దూలా' అంటూ కాలు కదిపేది ఊరంతా. హసన్, హుస్సేన్ల కథను తెలుగులో పాడి ఏడ్చేది మన అమ్మలే. ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్ళలోనూ పీర్లు లేస్తున్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పేరుతో కొలిచే పీరు దగ్గరికి జనం వేలాదిగా వస్తారు.

ఈ ఊరేగింపులో అతిథి లేడు. ప్రతి ఒక్కరికీ ఒక పని ఉంది. పని ఉంది కాబట్టే హక్కు ఉంది.

మరి మా ప్రశ్న ఏమిటంటే, కళను నెత్తిన పెట్టుకుని కళాకారుణ్ణి గడప బయట నిలబెట్టడం న్యాయమా? పట్నంలో ఉత్సవం జరిగితే పులివేషాన్ని, డప్పును లారీ ఎక్కించి తిప్పుతారు. చప్పట్లు కొడతారు. ఫొటోలు తీసుకుంటారు. అదే పట్నంలో మేము అద్దె ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు. పేరు విన్నాక ఇల్లు ఖాళీ లేదంటారు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఈ దేశం మీద మాకున్న ప్రేమకు రుజువులు అడిగినవాళ్ళలో మా పీర్లకు కుడుకలు, బెల్లం ఇచ్చి మొక్కినవాళ్ళూ ఉన్నారు. పీరుకు మొక్కిన చేతులే మమ్మల్ని వేలెత్తి చూపితే, ఆ మొక్కు ఎవరికి చెందినట్టు? సామరస్యం అంటే ఏడాదికి పది రోజుల అలంకారమేనా?

ఎదుటివాళ్ళను అడిగి ఊరుకుంటే అది సగం న్యాయమే. మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి. పీర్లు దీన్‌లో లేవని మాలో కొందరు అంటున్నారు. వాళ్ళ నమ్మకం వాళ్ళది. నమ్మకాన్ని బలవంతంగా మార్చాలని మేము అనం. కానీ ఊరందరి చెమట కలిసిన పండుగను ఆపే హక్కు ఒక్కరిదే ఎలా అవుతుంది? పీర్లు మా ఘనత అని చెప్పుకునే మేమైనా ఏం చేస్తున్నాం? పీరును ఎత్తే దూదేకుల తాత మనవరాలిని మా ఇంటి కోడలిగా తెచ్చుకోవడానికి మాలో ఎంతమంది సిద్ధం? పది రాత్రులు డప్పు కొట్టిన అన్నను మా దస్తర్‌ఖాన్ మీద పక్కన కూర్చోబెట్టుకుని తిన్నామా? లేక చేతిలో నాలుగు నోట్లు పెట్టి పంపించామా? అందరూ సమానమని మసీదులో భుజం భుజం కలిపి నిలబడే మేము ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేం.

కళ ఎవరిది అంటే మోసినవాళ్ళది అంటాం మేము. మతం పేరు చెప్పి దాన్ని సొంతం చేసుకోలేం. జానపదమని పేరుపెట్టి ఎవరూ దాన్ని దండుకోలేరు. మెచ్చుకోలు వేరు, మర్యాద వేరు. మెచ్చుకోలుకు చప్పట్లు చాలు. మర్యాదకు కూలి కావాలి, పేరు కావాలి, పక్కన కూర్చునే చోటు కావాలి.

హిజ్రీ సంవత్సరం చిన్నది కాబట్టి మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది. ఒక కాలంలో నాట్ల మధ్య వస్తుంది, మరో కాలంలో ఎండల్లో వస్తుంది. ఏ పని ఉన్నా వదులుకుని ఎవరో ఒకరు భుజం ఇస్తారు. పదో రోజు పీర్లను నీటి దగ్గరికి తీసుకుపోయి, దట్టీలు విప్పి, కడిగి, పెట్టెలో పెడతారు. పీరు పెట్టెలోకి పోతుంది. భుజం మాత్రం ఊళ్ళోనే ఉంటుంది, మిగతా రోజులన్నీ మన కళ్ళ ముందే తిరుగుతుంది.

ఆ రోజుల్లో దాన్ని ఎలా చూస్తామన్నదే అసలు పండుగ.